గొంతు వినిపించని హోమ్స్: విలియం జిలెట్ 1916 నాటి మూకీ చిత్రం, బ్లూరే సమీక్ష

ఫ్లికర్ ఆలీ సంస్థ 2015లో బ్లూరే, డీవీడీ రెండు రూపాల్లోనూ ఒకే పెట్టెలో విడుదల చేసిన ‘షెర్లాక్ హోమ్స్’ను నేను కొన్నది హోమ్స్ కోసం కాదు, ఆ పాత్ర వేసిన విలియం జిలెట్ కోసం. డిటెక్టివ్ కథల మీద మోజు చిన్నప్పుడు అద్దె పుస్తకాల దుకాణం దగ్గరే తీరిపోయింది గానీ, నాటకాల మీది మోజు నాకింకా తీరలేదు. అమెరికన్ రంగస్థల చరిత్ర చదివేవారికి జిలెట్ పేరు పదే పదే ఎదురవుతుంది. సహజ నటన గురించి రాసిన చోట ఆయన ఉంటారు, వేదిక మీద వెలుతురు వాడకం గురించి రాసిన చోట ఆయన ఉంటారు, హోమ్స్ గురించి రాసిన చోట సరేసరి. అయితే ఆ కీర్తికి ఆధారంగా చూపించడానికి మొన్నమొన్నటి దాకా ఫొటోలు, బొమ్మలు, చూసినవారి జ్ఞాపకాలు తప్ప చెప్పుకోదగ్గవేమీ లేవు. ఆయన నటించిన ఒకే ఒక్క కథాచిత్రం 1916లో విడుదలై, ఆ తరువాత జాడ లేకుండా పోయి, ఇక దొరకని చిత్రాల జాబితాలో చేరింది. 2014లో పారిస్‌లోని సినిమాతెక్ ఫ్రాన్సేజ్ భాండాగారంలో దాని నెగటివ్ బయటపడింది. దాన్ని బాగుచేసి, ఇంట్లో కూర్చుని చూసుకునేలా అందించినదే ఈ డిస్క్. (పేరు వినగానే గడ్డం గీసుకునే బ్లేడు గుర్తుకు రావడం సహజమే. ఆ బ్లేడు కనిపెట్టిన కింగ్ క్యాంప్ జిలెట్ వేరు, ఈ నటుడు వేరు.)

డిస్క్ సంగతికి వచ్చే ముందు మనిషి సంగతి కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే నట జీవితం తెలియకుండా ఈ సినిమాను సినిమాగా మాత్రమే చూస్తే అందులో ఉన్నది సగమే కంటికి కనిపిస్తుంది.

జిలెట్ 1853లో కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి ఫ్రాన్సిస్ జిలెట్ అమెరికా సెనేట్‌లో కూర్చున్న మనిషి, బానిసత్వాన్ని రద్దు చేయాలని గట్టిగా పట్టుబట్టినవారిలో ఒకరు. వాళ్ళుండే నూక్ ఫామ్ అన్న పేట రచయితల పేట. హారియెట్ బీచర్ స్టో, మార్క్ ట్వైన్ ఇరుగుపొరుగువారు. అలాంటి ఇంటి కుర్రవాడు వేషాలు కట్టడానికి వెళతానంటే ఆ కాలంలో ఎవరూ హారతి పట్టి పంపరు. అయినా 1875లో బోస్టన్‌లో ‘ది గిల్డెడ్ ఏజ్’ నాటకంలో ఆయనకు చిన్న వేషం దొరికిందంటే, దాని వెనుక పొరుగింటి ట్వైన్ మాట సాయం ఉంది. తరువాతి ఇరవై ఏళ్ళలో ఆయన నటుడిగా ఎంత ఎదిగారో, తన వేషం తనే రాసుకునే నాటకకర్తగా అంతకు మించి ఎదిగారు. 1881లో ‘ది ప్రొఫెసర్’, 1886లో అంతర్యుద్ధం నేపథ్యంగా ‘హెల్డ్ బై ది ఎనిమీ’, 1896లో న్యూయార్క్‌లో ఆడిన ‘సీక్రెట్ సర్వీస్’, వీటితో ఆయన పేరు అట్లాంటిక్ దాటి లండన్ వరకు పాకింది.

ఆ రోజుల్లో వేదిక మీద వీరుడంటే ఛాతీ ముందుకు తోసి, చేయి పైకెత్తి, ఆఖరి బెంచీవాడికి వినిపించేలా గర్జించేవాడు. జిలెట్ వీరులు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడేవారు, కొన్నిసార్లు అసలు మాట్లాడేవారే కారు. ‘సీక్రెట్ సర్వీస్’లో తంతి కార్యాలయపు రంగం ఇందుకు పేరు మోసిన ఉదాహరణ. శత్రువుల నగరంలో మారువేషంలో ఉన్న గూఢచారి తంతి మీట దగ్గర కూర్చుని ఉండగా చేతికి తూటా తగులుతుంది. అతడు కేక పెట్టడు, ఉపన్యాసం ఇవ్వడు, గాయానికి గుడ్డ చుట్టుకుని మళ్ళీ తన పని మీదకు వంగుతాడు. ఇలాంటి చోట్ల ఆయన రాసుకున్న ప్రతిలో మాటల కన్నా చేతల వివరణ ఎక్కువగా ఉంటుంది. ఏ వస్తువు ఎక్కడ ఉండాలి, ఎంతసేపు ఆగాలి, దీపం ఎప్పుడు తగ్గాలి, అన్నీ లెక్కే. తెర వెనుక నుంచి గుర్రపు డెక్కల చప్పుడు నిజంలా వినిపించే పద్ధతికి 1887లో ఏకంగా పేటెంటే తీసుకున్న మనిషి ఆయన. గుర్రం దూరం నుంచి వస్తోందా, దగ్గరకొచ్చి ఆగిందా అన్నది ప్రేక్షకుడికి చెవితోనే తెలియాలన్న పట్టుదల చూస్తే, ఆయన నాటకకర్తా, వడ్రంగా, ఇంజనీరా అన్న అనుమానం వస్తుంది. మూడూ అని చెప్పుకోవచ్చు.

హోమ్స్ కథ 1890ల చివరిలో మొదలైంది. ఆర్థర్ కోనన్ డాయిల్ అప్పటికే తన డిటెక్టివ్‌ను జలపాతంలోకి తోసేసి విసుగు వదిలించుకున్నారు. అయితే హోమ్స్ మీద ఆయన స్వయంగా రాసిన ఒక నాటకం నిర్మాత చార్లెస్ ఫ్రోమన్ చేతికి వచ్చింది. దాన్ని జిలెట్ తిరగరాయడానికి డాయిల్ ఒప్పుకున్నారు. రాసే మధ్యలో జిలెట్ తంతి పంపి, హోమ్స్‌కు పెళ్ళి చేయవచ్చా అని అడగడం, పెళ్ళి చేసుకోండి, చంపుకోండి, మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండని డాయిల్ జవాబివ్వడం అందరూ చెప్పుకునే ముచ్చటే. 1898 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలోని బాల్డ్విన్ హోటల్ తగలబడినప్పుడు ఆ ప్రతి కూడా కాలిపోయింది. జిలెట్ మళ్ళీ మొదటి నుంచి రాశారు. 1899 అక్టోబరులో బఫెలోలో తొలి ప్రదర్శన, నవంబరులో న్యూయార్క్ గారిక్ థియేటర్‌లో, 1901లో లండన్ లైసియంలో. అక్కడి నుంచి మూడు దశాబ్దాలకు పైగా, దాదాపు 1,300 సార్లు ఆయన ఈ పాత్ర వేశారు.

ఈనాడు మన కళ్ళ ముందు కదిలే హోమ్స్‌లో కొంత భాగం డాయిల్ రాసినది కాదు, జిలెట్ వేసుకున్నది. డాయిల్ కథలకు పత్రికలో బొమ్మలు వేసిన సిడ్నీ పాజెట్ గీతల్లో హోమ్స్ చేతిలో ఉండేది తిన్నని పైపు. వంకర పైపు జిలెట్ నోటి నుంచి వచ్చింది. ఇదంతా ప్రాథమికమేనయ్యా అని వాట్సన్‌తో అనే ధోరణి మాటకు తొలి రూపం ఆయన నాటకంలోనే ఉంది. 1903 నుంచి అమెరికా పత్రిక ‘కాలియర్స్’లో వచ్చిన కొత్త హోమ్స్ కథలకు బొమ్మలు వేసిన ఫ్రెడరిక్ డార్ స్టీల్ జిలెట్ ముఖాన్నే నమూనాగా తీసుకున్నారు. అంటే, నటుడు పాత్రను అనుకరించవలసింది పోయి, పాత్రే నటుణ్ణి అనుకరించడం మొదలుపెట్టింది. అంతటి ముద్ర వేసిన మనిషిని కదులుతుండగా చూసే ఏకైక అవకాశం ఈ డిస్క్ అన్నప్పుడు దాని విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఇక సినిమా. షికాగోలోని ఎస్సెనే కంపెనీ దీన్ని తీసింది. ఆ పేరు స్పూర్, ఆండర్సన్ అన్న ఇద్దరు యజమానుల ఇంటిపేర్ల మొదటి అక్షరాలను పలికితే వచ్చినది. ఆర్థర్ బెర్తలే దర్శకుడు, నిడివి దాదాపు రెండు గంటలు. చిత్రీకరణ నాటికి జిలెట్ వయసు 62. వాట్సన్‌గా ఎడ్వర్డ్ ఫీల్డింగ్, హోమ్స్ బద్ధశత్రువు మోరియార్టీగా ఎర్నెస్ట్ మోపాన్, ఆలిస్ ఫాక్నర్‌గా మార్జరీ కే నటించారు. కథ నాటకంలోనిదే: ఒక రాచకుటుంబపు యువకుడు తాను మోసం చేసిన అమ్మాయికి రాసిన ప్రేమలేఖలు ఆమె మరణానంతరం ఆమె సోదరి ఆలిస్ చేతిలో ఉంటాయి. వాటితో డబ్బు గుంజాలని లారబీ దంపతులు ఆలిస్‌ను ఇంట్లో బంధిస్తారు. లేఖలు రాబట్టవలసిన హోమ్స్ ఆ అమ్మాయిపై మనసు పడతాడు. ఆ దంపతులకు అండగా మోరియార్టీ దిగుతాడు. డాయిల్ కథలు రెండు మూడింటి ముక్కలను ఏరి, మధ్యలో ప్రేమను గుచ్చి కట్టిన దండ ఇది. హోమ్స్ ప్రేమలో పడటమేమిటని ముఖం చిట్లించే అభిమానులకు ఈ సినిమా ఆఖరి పది నిమిషాలు మింగుడుపడవు. నాకూ అరవై దాటిన హోమ్స్, పాతికేళ్ళ ఆలిస్ ఒకరినొకరు చూసుకునే ఘట్టం కాస్త ఇబ్బందిగానే తోచింది, కానీ వేదిక మీద యాభై అడుగుల దూరం నుంచి చూసేవారికి ఈ వయసు తేడా ఇంతగా కనిపించి ఉండదు. కెమెరాకు ఆ మర్యాద తెలియదు.

దర్శకత్వం గురించి చెప్పుకోవలసింది తక్కువ. 1916 నాటికి అమెరికన్ సినిమా చాలా నేర్చింది. కెమెరా దగ్గరగా జరగడం, ఒకే సమయంలో రెండు చోట్ల జరిగేదాన్ని మార్చి మార్చి చూపించడం ప్రేక్షకులకు కొత్త కాదు. బెర్తలే ఆ విద్యలను అవసరం పడినప్పుడు మాత్రమే, అదీ బిడియపడుతూ వాడారు. ఎక్కువ భాగం గది, గదిలో నలుగురు, తలుపు తీసుకుని ఐదోవాడు రావడం. నాటకంలో మాటల్లో చెప్పి వదిలేసిన కొన్ని సంగతులను వీధుల్లోనూ ఆరుబయటా తీసి కలిపారు గానీ, అవి వచ్చినప్పుడల్లా కథ ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టు ఉంటుంది. మొదటి అరగంట మరీ నెమ్మది. ఎవరు ఎవరో, ఏ లేఖలు ఎవరివో తేలే లోపు ఒకసారి నేను లేచి వెళ్ళి టీ పెట్టుకుని వచ్చాను, నష్టపోయిందేమీ లేదు.

జిలెట్ ప్రవేశించాక మాత్రం చూపు పక్కకు పోదు. మిగతా నటులందరూ మూకీ చిత్రాల అలవాటు ప్రకారం కనుబొమలు ఎగరేస్తూ, గుండె మీద చేయి వేసుకుంటూ, ప్రతి భావాన్నీ రెండుసార్లు చూపిస్తుంటారు. మోపాన్ మోరియార్టీ కోపం వస్తే మెడ నుంచి వేళ్ళ చివర వరకు వణుకుతాడు. వాళ్ళ నడుమ ఈ పొడుగాటి, సన్నటి మనిషి దాదాపు ఏమీ చేయడు. నిలబడతాడు, వింటాడు. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ అతని ముఖం రాతిలాగే ఉంటుంది గానీ, కళ్ళు మాత్రం ఎదుటివాడి చేతులను వెంబడిస్తుంటాయి. సంభాషణ వినిపించని సినిమాలో వినడాన్ని నటించి చూపించడం ఎంత కష్టమో ఆలోచిస్తే ఈ పని ఎంత పెద్దదో తెలుస్తుంది. సిగరు వెలిగించుకోవడం, డ్రెస్సింగ్ గౌను జేబులో చేయి పెట్టుకోవడం, కాగితం మడత పెట్టడం, ఈ చిన్న పనులన్నీ తొందర లేకుండా జరుగుతాయి, ఒక్కటీ వృథా పోదు.

బేకర్ వీధి గదిలో మోరియార్టీ హోమ్స్‌ను కలుసుకునే రంగం ఒక్కటే చాలు, ఈ డిస్క్ ధర గిట్టినట్టే. ఇద్దరూ ఒకరిపై ఒకరు ప్రాణాంతకమైన పగతో ఉన్నవారు. అయినా మాటలు మర్యాదగానే నడుస్తాయి. మోరియార్టీ అదను చూసి బల్ల మీది రివాల్వర్ అందుకుని మీట నొక్కుతాడు. పేలదు. తూటాలు ముందే హోమ్స్ జేబులోకి చేరిపోయాయి. మరో నటుడైతే ఇక్కడ విజయగర్వంతో నవ్వేవాడు, కనీసం ఒక అడుగు ముందుకు వేసేవాడు. జిలెట్ ఆ తూటాలను బయటకు తీసే తీరు, ఎవరో మరిచిపోయిన చిల్లర తిరిగి ఇస్తున్నట్టు ఉంటుంది. ఈ రంగాన్ని ఆయన అప్పటికి వందల సార్లు ఆడి ఉన్నారు. రివాల్వర్ పేలదని తనకు తెలుసు, ఎదుటి నటుడికి తెలుసు, ప్రేక్షకుల్లో చాలామందికీ తెలుసు. అయినా ఆ క్షణం అప్పుడే మొదటిసారి జరుగుతున్నట్టే ఉంది.

ఇది యాదృచ్ఛికం కాదు. 1913లో ఆయన నటనలో ‘తొలిసారి’ అన్న భ్రమ గురించి ఒక ప్రసంగం చేశారు. అది తరువాత చిన్న పుస్తకంగా అచ్చయింది. నటుడికి తరువాతి మాట ఏమిటో తెలుసు, పాత్రకు తెలియదు. నటుడు అదే వాక్యాన్ని వెయ్యోసారి చెబుతున్నా, పాత్ర దాన్ని అప్పుడే వెతుక్కుని, దొరికించుకుని చెబుతున్నట్టు ఉండాలి. మాటే కాదు, గదిలోకి నడవడం, కుర్చీ కోసం చూడటం, సమాధానం తట్టక ఆగడం కూడా తొలిసారి జరిగినట్టే ఉండాలి అన్నది దాని సారాంశం. ఆ వ్యాసం చదివి ఈ సినిమా చూస్తే, సిద్ధాంతం చెప్పిన మనిషే దాన్ని చేసి చూపించిన అరుదైన సందర్భం కనిపిస్తుంది. నటన నేర్చుకునే పిల్లలకు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాలని నాకు అనిపించింది.

లండన్‌లోని స్టెప్నీ పేటలో జరిగే గ్యాస్ గది రంగం నాటకంగా అన్నిటికన్నా పేరు మోసినది. విషవాయువు నింపి చంపడానికి హోమ్స్‌ను ఒక గదికి రప్పిస్తారు. అతడు దీపాన్ని పగలగొడతాడు. చీకట్లో వెలుగుతున్న సిగరు చివర ఒక్కటే కనిపిస్తుంది. దుండగులు కిటికీ వైపు ఆ ఎర్రటి చుక్క మీదకు ఉరుకుతారు. సిగరు కిటికీ దగ్గరే ఉంటుంది, హోమ్స్ మాత్రం తలుపు దగ్గర ఉంటాడు. వేదిక మీద గాఢమైన చీకటిలో ఒకే ఒక్క నిప్పు రవ్వను చూపించి, హాలు మొత్తాన్ని ఊపిరి బిగపట్టేలా చేసిన ఘట్టం ఇది. సినిమాలో ఆ చీకటి పూర్తి చీకటి కాలేదు. కెమెరాకు ఎంతో కొంత వెలుతురు కావాలి కదా. కాబట్టి ఇక్కడ నేను ఆశించినంత దొరకలేదని ఒప్పుకోవాలి. రంగాల మధ్య తెర దించకుండా దీపాలను నెమ్మదిగా తగ్గించి, మళ్ళీ నెమ్మదిగా పెంచే పద్ధతిని వేదిక మీద వాడి అందరినీ ఆశ్చర్యపరచినవారు జిలెట్. ఆ పద్ధతి సినిమాకు పుట్టుకతోనే వచ్చినంత సహజంగా సరిపోయింది గానీ, అందుకే ఇక్కడ అది ఎవరినీ ఆశ్చర్యపరచదు.

గొంతు గురించి కూడా చెప్పాలి. ఆయన మాట మెల్లగా, పొడిగా, కాస్త ముక్కుతో పలికినట్టు ఉండేదని, ఒక్క విరామంతో హాలును పట్టుకునేవారని చూసినవారు రాశారు. మూకీలో అది ఎలాగూ దొరకదు. ఒక మాట అని, ఆగి, తల కొద్దిగా వంచే చోట్ల ఆ మాట ఏ స్వరంలో వచ్చిందో ఊహించుకోవడం తప్ప దారి లేదు. మన బళ్ళారి రాఘవ గారిని ‘రైతుబిడ్డ’ చిత్రంలో చూసినప్పుడు నాకు దీనికి తిరగేసిన భావం కలిగింది: అక్కడ గొంతు వినబడుతుంది గానీ, ఊళ్ళకు ఊళ్ళు కదిలివచ్చి చూసిన ఆ వేదిక కనబడదు. ఇద్దరూ అరుపుల నటనకు ఎదురు నిలిచినవారే, ఇద్దరూ సినిమాకు వచ్చేసరికి వయసు మీద పడినవారే.

ఫిల్ము ప్రతి సంగతికి వస్తే, పారిస్‌లో దొరికినది 1916 నాటి అమెరికన్ ప్రతి కాదు. అదే చిత్రాన్ని ఫ్రాన్సులో నాలుగు భాగాల ధారావాహికగా మార్చి ప్రదర్శించడానికి తయారు చేసిన నైట్రేట్ నెగటివ్ అది. మాటలకు బదులు తెర మీద చూపించే టైటిల్ కార్డులు ఫ్రెంచ్‌లో ఉన్నాయి. ఏ రంగానికి ఏ రంగు పూత పూయాలో చెప్పే గుర్తులు కూడా దానితో మిగిలాయి. శాన్ ఫ్రాన్సిస్కో సైలెంట్ ఫిల్మ్ ఫెస్టివల్, సినిమాతెక్ ఫ్రాన్సేజ్ కలిసి, రాబర్ట్ బర్న్ పర్యవేక్షణలో దీన్ని పునరుద్ధరించాయి. 2015 జనవరిలో పారిస్‌లో, మే నెలలో శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రదర్శించాక ఆ ఏడాదే డిస్క్ వచ్చింది.

బొమ్మ నాణ్యత నేను అనుకున్న దానికన్నా చాలా బాగుంది. నూరేళ్ళ నాటి చిత్రం అనగానే మనకు గీతలు, మరకలు, గంతులు వేసే బొమ్మలు గుర్తుకు వస్తాయి. ఇక్కడ దుస్తుల నేత, గోడల మీది కాగితపు పూలు, జిలెట్ కళ్ళ కింది ముడతలు కూడా తెలుస్తాయి. అక్కడక్కడ నెగటివ్ చెడిన జాడలు ఉన్నాయి, వాటిని అతిగా తుడిచేయకుండా వదిలేయడం మంచి నిర్ణయం. ఇంటి లోపలి రంగాలకు నారింజ ఛాయ, రాత్రి రంగాలకు నీలం ఛాయ తిరిగి పూశారు. నలుపు తెలుపులకు అలవాటు పడిన కంటికి మొదటి పది నిమిషాలు ఆ నారింజ కాస్త ఎక్కువే అనిపిస్తుంది, తరువాత గ్యాసు దీపాల వెలుగులా కుదురుకుంటుంది. బ్లూరేకు, డీవీడీకి మధ్య తేడా ఈ ఛాయల్లోనే ఎక్కువగా తెలిసింది. డీవీడీలో నీలం రాత్రులు ముద్దగా మారిపోయాయి. పెద్ద టీవీ ఉన్నవారు బ్లూరే డిస్కే వేసుకోవడం మంచిది.

సంగీతం నీల్ బ్రాండ్, గుంటర్ బుక్‌వాల్డ్, ఫ్రాంక్ బోకియస్ అందించారు. మూకీ చిత్రాలకు కొత్తగా సంగీతం కట్టేవారిలో కొందరు ప్రతి కదలికకూ ఒక శబ్దం తగిలించి చిరాకు పుట్టిస్తారు. వీరు ఆ పని చేయలేదు. వాయులీనం వినిపించే చోట హోమ్స్ ఒంటరితనం గుర్తుకు వస్తుంది. రివాల్వర్ రంగంలో వాద్యాలు తగ్గిపోయి, జిలెట్ నిశ్చలతకు చోటు వదిలాయి. ఆయన ఉండి ఉంటే ఈ సంయమనాన్ని మెచ్చుకునేవారని నా నమ్మకం.

ఫిర్యాదులు లేకపోలేదు. నాలుగు భాగాలుగా విడదీసిన ఫ్రెంచ్ ప్రతి కావడం వల్ల, ఉత్కంఠ పెరుగుతున్న చోట భాగం ముగిసి, మళ్ళీ కొత్త శీర్షికతో కథ మొదలవుతుంది. ఏకబిగిన చూసేవారికి ఇది దారిలో గతుకులా తగులుతుంది. రోజుకు ఒక భాగం చొప్పున నాలుగు రాత్రులు చూడటం మేలని నాకు రెండోసారి చూసినప్పుడు తెలిసింది. రెండో సంగతి టైటిల్ కార్డుల భాష. ఇంగ్లీషులో చూసినా మనం చదివేది ఫ్రెంచ్ కార్డుల మీదుగా వచ్చిన పాఠమే. మాటల విషయంలో అంత పట్టింపు ఉన్న రచయిత వాక్యాలు ఇలా ఒక చేతి నుంచి మరో చేతికి మారి రావడం కొంత బాధ కలిగిస్తుంది. మూడోది నా సొంత గొడవ: మొదట కక్కుర్తిపడి ఆన్‌లైన్‌లో ఒక పాత సరుకుల అమ్మకందారు దగ్గర సగం ధరకు తెప్పించుకుంటే, పగిలిన పెట్టె, గీతలు పడిన డిస్క్ వచ్చాయి; తిప్పి పంపడానికి మూడు వారాలు పట్టింది. ఇలాంటివి కొత్తవే కొనడం మంచిది.

అదనపు సరుకులో 1900 నాటి ‘షెర్లాక్ హోమ్స్ బాఫిల్డ్’ ఉంది. అర నిమిషం నిడివి గల ఆ ముక్కలో దొంగ మాయమవుతుంటాడు, హోమ్స్ తెల్లబోతుంటాడు, అంతే. తెర మీద హోమ్స్ పేరు కనిపించిన తొలి చిత్రంగా దాన్ని ఒకసారి చూడవచ్చు. కుక్క డిటెక్టివ్‌గా నటించిన 1912 నాటి హాస్యచిత్రం పిల్లలకు నచ్చుతుంది. నన్ను కట్టిపడేసినది మాత్రం ఒక పాత వార్తాచిత్రపు ముక్క. అందులో జిలెట్ తన ఇంటి ఆవరణలో వేయించుకున్న చిన్న రైలు మార్గాన్ని చూపిస్తారు. వేషం లేదు, పైపు లేదు. ఇష్టమైన బొమ్మను అతిథులకు చూపించే పెద్దాయన మాత్రమే ఉన్నారు. హోమ్స్‌గా అంత బిగుసుకుని ఉండే ఆ శరీరం ఇక్కడ ఎంత వదులుగా ఉందో చూస్తే, తెర మీది నిశ్చలత ఆయన స్వభావం కాదని, శ్రమపడి సాధించుకున్న విద్య అని తేలిపోతుంది.

ఎవరు కొనాలి అంటే, ఊపిరి సలపనివ్వని డిటెక్టివ్ కథ కావాలనుకునేవారు కొనవద్దు, నిరాశపడతారు. మూకీ చిత్రాలు మొదటిసారి చూడబోయేవారికి కూడా నేను దీన్ని ముందుగా సూచించను. చార్లీ చాప్లిన్‌తో మొదలుపెట్టడం సులువు. చాప్లిన్ కూడా ఈ నాటకం నుంచి వచ్చినవాడే: 1903 నుంచి ఇంగ్లండులో ఊరూరా తిరిగిన ఒక బృందంలో హోమ్స్ దగ్గర పనిచేసే బిల్లీ అనే కుర్రవాడి వేషం వేశాడు, 1905లో లండన్‌లో సాక్షాత్తూ జిలెట్ పక్కనే నటించాడు. పదేళ్ళ తరువాత ఎస్సెనేలోనే చిత్రాలు తీశాడు గానీ, జిలెట్ అక్కడికి వచ్చే సమయానికి వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. నాటకం ఆడేవారు, ఆడించేవారు, నటన గురించి రాసేవారు, హోమ్స్‌కు సంబంధించిన ప్రతి వస్తువూ దాచుకునేవారు మాత్రం ఈ డిస్క్‌ను సందేహించకుండా తెప్పించుకోవచ్చు.

అమెరికా తూర్పు తీరంలో ఉండే తెలుగువారికి ఇంకో సూచన. ఈ సినిమా చూశాక వీలు చూసుకుని కనెటికట్ నది ఒడ్డున ఈస్ట్ హాడమ్‌లో ఉన్న జిలెట్ కోటకు వెళ్ళిరండి. మేము న్యూజెర్సీ నుంచి పొద్దున బయలుదేరి, చెస్టర్ దగ్గర కారుతో సహా ఫెర్రీ ఎక్కి నది దాటాం. గుట్ట మీద ఆ రాతి కట్టడం నీళ్ళలో నుంచే కనిపిస్తుంది. 1914లో మొదలుపెట్టి 1919కి పూర్తి చేసిన ఆ ఇంట్లో 24 గదులు, 47 తలుపులు. తలుపుల గొళ్ళేలన్నీ చెక్కతో, ఆయనే గీసి ఇచ్చిన నమూనాలతో చేసినవి. ఒక గొళ్ళేన్ని తీసే పద్ధతి మరో దానికి పనికిరాదు. 1929లో మొదలైన ఆయన రంగస్థల వీడ్కోలు యాత్ర 1932 వరకు సాగింది, 1930లో రేడియోలో కూడా హోమ్స్‌గా గొంతు వినిపించారు, 1937లో కన్నుమూశారు. తానెక్కడున్నాడో, చుట్టూ ఏముందో తెలియని మొద్దు ఎవడి చేతిలోనూ తన ఇల్లు పడకూడదని వీలునామాలో రాసి మరీ పోయారు. 1943లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని కొని ఉద్యానవనంగా మార్చింది. ఆ చిన్న రైలింజను ఇప్పుడు సందర్శకుల కేంద్రంలో ఉంది.

వేసవి నెలల్లో టికెట్ తీసుకుని లోపలికి వెళితే, పై అంతస్తు నుంచి కింది పెద్ద హాలు కనిపించేలా ఆయన అమర్చుకున్న అద్దాలను గైడు చూపిస్తారు. అతిథులు ఎవరెవరు వచ్చారో, ఎక్కడ కూర్చున్నారో ఆయన పై నుంచే అద్దంలో చూసుకునేవారట, అందరూ సర్దుకున్నాకే మెట్లు దిగేవారట.